నాటిన మొక్కకు లెక్కుంది, నిలబడ్డ చెట్టుకు దిక్కేది?

2022 అక్టోబరులో దక్షిణ కొరియాలోని జెజులో హైదరాబాద్‌కు ప్రపంచ హరిత నగరం అవార్డు ఇచ్చారు. అదే ఏడాది జనవరిలో వచ్చిన అటవీ సర్వే నివేదిక, 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న నగర అటవీ విస్తీర్ణం పదేళ్లలో 81.81కి పెరిగిందని చెప్పింది. ఆ అవార్డు వచ్చి మూడేళ్లు కూడా నిండలేదు, 2025 మార్చి చివర్లో అదే నగరంలో, చెట్లూ పొదలతో నిండిన కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగాయి. వరుస సెలవుల్లో, రాత్రి ఫ్లడ్ లైట్లు వేసుకుని మరీ సుమారు వంద ఎకరాలు చదును చేశాయి.

ఈ రెండు వార్తల్లో ఏదీ అబద్ధం కాదు. పచ్చదనం పెరిగిందన్న నివేదికా నిజమే, ఆ పచ్చదనం నేలకూలడమూ నిజమే. రెండూ ఒకే ఊళ్లో ఒకేసారి ఎలా నిజమయ్యాయో అర్థం చేసుకోకపోతే, ప్రతి ఏడాదీ మొక్కలు నాటుతూనే ఉంటాం, చెట్లు పోతూనే ఉంటాయి. చాలాకాలంగా ఈ విషయాలు గమనిస్తున్న మనిషిగా నాకు అర్థమైంది చెబుతాను. మన దగ్గర ఒక చెట్టు బతుకును నిర్ణయించేది దాని వయసో, జాతో, అది ఇచ్చే నీడో కాదు. అది నిలబడ్డ నేల ఏ శాఖ రికార్డులో ఏ పేరుతో రాసి ఉందన్నదే నిర్ణయిస్తుంది. పైగా నాటేదాకా మొక్కకు బోలెడంతమంది బంధువులుంటారు. అది చెట్టయ్యాక దాని బాగోగులు చూడాల్సిన బాధ్యత ఫలానా వాళ్లదని ఎక్కడా రాసి ఉండదు.

పచ్చగా ఉన్నదంతా అడవేనా?

ముందు ఆ 81.81 సంగతి చూద్దాం. రెండేళ్లకోసారి వచ్చే అటవీ సర్వే నివేదికలో అటవీ విస్తీర్ణం అనే మాటకు ఒక నిర్వచనం ఉంది. ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు, లేదా అంతకంటే పెద్ద జాగాలో, చెట్ల గొడుగు పదో వంతు నేలను కప్పినా చాలు, అది అటవీ విస్తీర్ణమే. ఆ నేల ఎవరిది, అక్కడున్నవి ఏ చెట్లు, చట్టం దాన్ని అడవి అంటుందా లేదా అన్న ప్రశ్నలు ఆ లెక్కలో లేవు. మామిడి తోట, జామాయిల్ తోట, కంటోన్మెంట్ లోపలి చెట్లు, యూనివర్సిటీ క్యాంపస్, జాతీయ పార్కు అన్నీ ఒకే ఖాతాలో పడతాయి.

ఉపగ్రహంతో దేశమంతా కొలవాలంటే ఇలాంటి సులువైన నిర్వచనం తప్పదు. ఆ సంఖ్యను పట్టుకుని అడవి పెరిగిందని చెప్పుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. వందేళ్ల మర్రి, వేప, నెమలినార కలగలిసిన జాగాకూ, పదేళ్ల కింద ఒకే జాతితో నింపిన తోటకూ ఈ లెక్కలో పెద్ద తేడా లేదు. అంతకంటే ముఖ్యమైన లోపం ఇంకోటుంది. రోడ్డు పక్క ఒంటరిగా నిలబడ్డ చెట్టు హెక్టారు లెక్కలోకి రాదు. కాబట్టి ఒక కాలనీ రోడ్డు మీదున్న ముప్పై పెద్ద చెట్లూ పోయినా, నగర అటవీ విస్తీర్ణంలో ఆ నష్టం కనిపించదు. మే నెలలో ఆ రోడ్డు మీద నడిచే మనిషికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

మొక్కల లెక్క ఇంకో దారిలో నడుస్తుంది. 1988 జాతీయ అటవీ విధానం దేశంలో మూడో వంతు నేల మీద అడవి, చెట్లు ఉండాలంది. ఆ 33 శాతాన్ని అందుకోవాలని తెలంగాణ 2015 జులైలో హరితహారం మొదలుపెట్టింది, 230 కోట్ల మొక్కలు లక్ష్యంగా. మంచి పని కొంత జరిగింది, కాదనలేం. 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటినవాటిలో 85 శాతం బతకాలన్న నిబంధన పెట్టారు. 2019 మున్సిపాలిటీల చట్టంలో బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలన్నారు. ఇంత గట్టి నిబంధనలు దేశంలో చాలా రాష్ట్రాల్లో లేవు. కానీ ఈ చట్టాలు పట్టించుకున్నది మొక్కనే. ఇరవై ఏళ్ల చెట్టును కాపాడినందుకు ఏ అధికారికీ మార్కులు పడవు. దాన్ని కొట్టేసి పది మొక్కలు నాటితే కాగితం మీద తొమ్మిది మిగులు కనిపిస్తాయి.

చట్టం దృష్టిలో అడవి

అటవీ శాఖ రికార్డులో రిజర్వు ఫారెస్ట్ అని నోటిఫై అయిన నేల ఉంటుంది. దాన్ని వేరే పనికి వాడాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. మరి రికార్డులో లేకుండా నేల మీద మాత్రం అడవిలా ఉన్నదాని సంగతేమిటి? ఈ ప్రశ్నకు 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. అడవి అన్న మాటకు నిఘంటువులో ఉన్న అర్థమే చట్టానికీ వర్తిస్తుంది, యజమాని ఎవరైనా సరే అంది. అలాంటి జాగాలను నిపుణుల కమిటీలు వేసి గుర్తించమని రాష్ట్రాలను ఆదేశించింది. దాదాపు ముప్పై ఏళ్లవుతోంది. చాలా రాష్ట్రాల్లో ఆ గుర్తింపు సగంలోనే ఆగింది.

2023లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించి, రికార్డుల్లో ఉన్నవాటికే పరిమితం చేయబోయింది. దాన్ని సవాలు చేస్తే 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. గుర్తింపు పూర్తయ్యేదాకా పాత 1996 అర్థమే చెల్లుతుందని చెప్పింది. కంచ గచ్చిబౌలి గొడవ సరిగ్గా ఈ ఖాళీలోనే పుట్టింది.

ఆ నేల కథ పాతది. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కోసం సుమారు 2,300 ఎకరాలు చూపించారు గానీ, ఆ భూమి హక్కు మాత్రం యూనివర్సిటీకి బదలాయించలేదు. అందులో సర్వే నంబరు 25లోని 400 ఎకరాలను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003–04లో ఐఎంజీ భారత అనే క్రీడా సంస్థకు ఇచ్చింది. 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. కేసు కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగి, 2024లో రాష్ట్ర ప్రభుత్వం పక్షాన తేలింది. వెంటనే ప్రభుత్వం ఆ భూమిని పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకు అప్పజెప్పింది. ఐటీ కంపెనీలకు వేలం వేయాలన్నది ఆలోచన.

ఈ ఇరవై ఏళ్లలో నేల ఊరికే ఉండలేదు. మనుషులు కోర్టుల్లో ఉండగా చెట్లు, పొదలు, గడ్డి వాటంతటవే పెరిగాయి. చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు, నెమళ్లు చేరాయి. ఆ క్యాంపస్‌లోనే ఒక కొత్త సాలీడు జాతి దొరికితే శాస్త్రవేత్తలు దానికి హైదరాబాద్ పేరే పెట్టారు. ప్రభుత్వం వాదన ఏమిటంటే, ఇది ఏ రికార్డులోనూ అడవి కాదు, పోరంబోకు, కొట్టిన చెట్లలో ఎక్కువ భాగం వాల్టా (నీళ్లు, నేల, చెట్ల చట్టం) నిబంధనల కింద అనుమతి అక్కర్లేనివి. విద్యార్థుల వాదన ఏమిటంటే, కళ్లతో చూస్తే ఇది అడవి. ఇద్దరూ చెప్పింది వాళ్ల వాళ్ల కాగితాల ప్రకారం నిజమే. అందుకే ఈ కేసు అంత ముఖ్యం.

2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా జోక్యం చేసుకుని పనులు ఆపించింది. అంత హడావుడిగా, అదీ సెలవుల్లో, ఎందుకు కొట్టాల్సి వచ్చిందని నిలదీసింది. పోయిన అడవిని ఎలా తిరిగి నిలబెడతారో ప్రణాళిక చెప్పమంది, లేకపోతే అధికారులు జైలుకు వెళ్లాల్సి వస్తుందని హెచ్చరించింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అది ముళ్లపొదల నేలేగా, పెద్ద చెట్లెక్కడున్నాయి అని అప్పట్లో చాలామంది అన్నారు. దక్కన్ పీఠభూమి సహజ స్వరూపమే అది. రాళ్లు, గడ్డి, పొట్టి చెట్లు, ముళ్లపొదలు, మధ్యలో వాన నీటి కుంటలు. మన అడవులు కేరళ అడవుల్లా ఉండవు, ఉండనక్కర్లేదు. నక్షత్ర తాబేలుకు గడ్డీ పొదా కావాలి, నీడ దట్టంగా కమ్మిన తోట పనికిరాదు. ముళ్లపొదల్ని వేస్ట్ ల్యాండ్ అని పిలవడం పాత రెవెన్యూ అలవాటు. ఆ అలవాటు వల్లే అలాంటి చోట గుంతలు తవ్వి మొక్కలు నాటడం కూడా పర్యావరణ సేవగా చెల్లుబాటవుతోంది. బాగున్న పొదల నేలను పీకి వరసలుగా మొక్కలు పెట్టడం నా దృష్టిలో నష్టమే.

రికార్డులో ఉంటే చాలా?

రిజర్వు ఫారెస్ట్ అయితే నిశ్చింతగా ఉండొచ్చని ఎవరైనా అనుకుంటే దామగుండం చూడాలి. మూసీ పుట్టే వికారాబాద్ కొండల దగ్గర, రికార్డులో పక్కా అడవి. అందులో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళ రేడియో సంకేతాల కేంద్రానికి వెళ్లాయి. 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణ అవసరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ అటవీ సంరక్షణ చట్టం అడవిని వేరే పనికి ఇవ్వకూడదని అనదు, ఇవ్వాలంటే ఏ మెట్లు ఎక్కాలో చెబుతుంది. ఆ మెట్లన్నీ ఎక్కితే అడవి చట్టబద్ధంగానే పోతుంది.

జాతీయ పార్కు హోదా ఇంకా గట్టిది. జూబ్లీహిల్స్ నడిబొడ్డున చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవిని 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కుగా ప్రకటించారు. లోపల ఒక్క చెట్టు ముట్టుకోవడం కష్టం. ఒత్తిడంతా అంచు మీద పడుతుంది. 2016లో చుట్టూ ఫ్లైఓవర్లు కడతామన్నప్పుడు వేల చెట్లు పోతాయని జనం మానవహారాలు కట్టారు, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపింది. తర్వాత 2020లో పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని, అంటే నిర్మాణాల మీద ఆంక్షలుండే పట్టీని ఖరారు చేస్తే, దాని వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, అత్యధికంగా 30 మీటర్ల లోపు. ఆ తర్వాత మళ్లీ అదే పార్కు చుట్టూ జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రతిపాదన వచ్చింది. లోపలి అడవి అంచుల్లో వేడి, దుమ్ము, వెలుతురు తినేస్తే కంచె లోపల హోదా ఉండి ఏం లాభం?

నగరం చుట్టూ ఉన్న రిజర్వు ఫారెస్టుల్లో కొన్నిటిని అర్బన్ ఫారెస్ట్ పార్కులుగా మార్చారు. రాష్ట్రంలో ఇవి వందకు పైనే. ప్రభాస్ 2020లో ఖాజీపల్లి అడవిని, నాగార్జున 2022లో చెంగిచర్ల అడవిని దత్తత తీసుకున్నది ఈ పథకంలోనే. మొత్తంగా ఇది మేలే చేసింది. ఒక పక్క గోడ కట్టి, గేటు పెట్టి, వాకింగ్ ట్రాక్ వేస్తే కబ్జాలు ఆగుతాయి. పొద్దున నడకకు వచ్చే వాళ్లు ఆ అడవికి కాపలాదారులవుతారు. అయితే పార్కుకీ అడవికీ అవసరాలు వేరు. ఎండిన మాను పార్కులో చెత్త. అడవిలో అది వడ్రంగిపిట్టకు ఇల్లు, చెదలకు తిండి. దీపాలు పెడితే నడిచేవాళ్లకు ధైర్యం, రాత్రి తిరిగే జంతువులకు ఇబ్బంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన అడవులు ఆకు రాల్చి ఎండిపోతాయి. అప్పుడు ఎవరో పారేసిన సిగరెట్ ముక్క చాలు. అందుకే మంట పాకకుండా ఎండుగడ్డి, ఆకు తీసేసే అగ్గి గీతలు, వేసవి కాపలా లాంటి పనుల మీద పెట్టే డబ్బు ముఖద్వారం ఆర్చి మీద పెట్టేదానికంటే ఎక్కువుండాలి.

రోడ్డు పక్క చెట్టు ఎందుకు పడిపోతుంది?

ప్రతి ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులు వస్తాయి. చెట్లు కార్ల మీద, కరెంటు తీగల మీద పడతాయి. మర్నాడు చెట్లు ప్రమాదం, కొట్టేయండి అన్న ఫిర్యాదులు మొదలవుతాయి. ఆ పడిన చెట్టు వేళ్లను ఎవరూ చూడరు. చూస్తే కారణం అక్కడే కనిపిస్తుంది.

చెట్టు పైన ఎంత ఎత్తుంటే కింద వేరు అంత లోతుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నీళ్లు, పోషకాలు పీల్చే సన్నటి వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల నీడ దాటి చాలా దూరం పక్కలకు పాకుతాయి. వేళ్లకు నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. మొదలు చుట్టూ సిమెంటు, టైల్స్ వేస్తే రెండూ ఆగిపోతాయి. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన దగ్గర కొత్త ఫుట్‌పాత్‌లు ఇప్పటికీ మానుకు ఆనుకునేలా వేస్తున్నారు.

హైదరాబాద్ నేల ఇంకా కష్టమైనది. చాలాచోట్ల అడుగు, రెండడుగుల మట్టి, దాని కింద మొరం, ఆ కింద షీట్ రాక్. మొరంలో జేసీబీతో చిన్న గుంత తీసి, ఎర్రమట్టి నింపి మొక్క పెడితే అది కుండీలో పెట్టినట్టే. వేరు గుంత గోడ దాటలేక లోపలే చుట్టుకుంటుంది. నర్సరీ కవర్లో ఎక్కువ కాలం ఉన్న మొక్కకు ముందే వేళ్లు చుట్టుకుని ఉంటే కథ మరీ ఘోరం. పదేళ్లు గడిచేసరికి నేల పైన ఏపుగా పెరిగిన చెట్టు కనిపిస్తుంది, కింద పట్టు ఉండదు.

దానికి తోడు తవ్వకాలు. ఒక పక్క ఇంటర్నెట్ కేబుల్, ఇంకో పక్క డ్రైనేజీ, మధ్యలో మంచినీటి పైపు. ప్రతి తవ్వకంలో చెట్టును నిలబెట్టే పెద్ద వేళ్లు తెగుతాయి. చెట్టు ఆ రోజే చావదు. రెండు మూడేళ్లలో పై కొమ్మలు ఎండడం మొదలవుతుంది, తెగిన వేళ్ల దగ్గర బూజు పడుతుంది, ఆ తర్వాత ఏదో ఒక గాలివానకు కూలుతుంది. అప్పటికి తవ్విన కాంట్రాక్టరు బిల్లు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. నేరం గాలి మీద పడుతుంది.

తీగల కింద చెట్టుది ఇంకో కష్టం. వేసవిలో విద్యుత్ సిబ్బంది లైన్ క్లియరెన్స్ చేస్తారు. తీగలకు కొమ్మలు తగలకూడదు, అది వాళ్ల డ్యూటీ. వాళ్ల చేతికి కత్తి ఇచ్చారు గానీ చెట్టును ఎలా కొయ్యాలో నేర్పలేదు. కొమ్మ మానును కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక మెడ ఉంటుంది. దానికి బయట నున్నగా కోస్తే చెట్టు గాయాన్ని మూసుకుంటుంది. మధ్యలో నరికి మోడు వదిలేస్తే అక్కడి నుంచి కుళ్లు లోపలికి దిగుతుంది. ఒకపక్కే కొట్టేస్తే బరువు రెండోపక్కకు వాలుతుంది. తల నరికితే గుబురుగా వచ్చే కొత్త రెమ్మలు పైపైన అతుక్కుని ఉంటాయి, గాలికి ముందు విరిగేవి అవే. కవర్ ఉన్న ఏబీ కేబుల్ వేస్తే ఇంత నరకాల్సిన పనే ఉండదు. భూగర్భ కేబుల్ మంచిదని చాలామంది అంటారు. మంచిదే, కానీ కందకం చెట్ల వేళ్ల గుండా తవ్వకుండా రోడ్డు మధ్యకు జరిపితేనే.

ఇక జాతుల సంగతి. కోనోకార్పస్‌ను మన డివైడర్ల మీద అంత విరివిగా ఎందుకు పెట్టారంటే త్వరగా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. లక్ష్యం అంకెలైనప్పుడు అంతకంటే సుఖమైన మొక్క దొరకదు. సొమాలియా, యెమెన్ ప్రాంతాల నుంచి వచ్చిన ఆ జాతి మీద ఎలర్జీ ఫిర్యాదులు, వేళ్లు పైపుల్లోకి వెళ్తున్నాయన్న ఆరోపణలు వచ్చాక 2022లో తెలంగాణ ఇక నాటొద్దంది. కాకినాడలో వేల చెట్లు కొట్టేయబోతే అదీ వివాదమైంది. మొన్నటి ప్రజాధనంతో నాటి, ఇవాళ్టి ప్రజాధనంతో పీకడం. విశాఖదీ ఇలాంటి అనుభవమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని చెట్లను కుప్పలుగా కూల్చింది. ఆ తర్వాత త్వరగా నీడ కావాలన్న తొందరలో ఏడాకుల పాల చెట్లను విపరీతంగా నాటారు. ఇప్పుడు అవి పూసే కాలంలో ఘాటు వాసన, ఊపిరాడట్లేదన్న ఫిర్యాదులు.

ఆ చెట్టు మన దేశానిదే, అది గమనించాలి. తప్పు జాతిది కాదు, మోతాదుది. ఏ ఒక్క జాతీ నగరం చెట్లలో పది శాతం మించొద్దని చెట్ల నిపుణులు చెప్పే సూత్రం ఒకటుంది. దాని విలువ మనకు వేప నేర్పింది. 2021 ప్రాంతం నుంచి తెలంగాణ అంతటా వేప కొమ్మల చివర్లు నల్లబడి ఎండిపోవడం చూశాం, ఒక శిలీంధ్రం, దానికి తోడు తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు. వేప గట్టిది కాబట్టి చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. ఒక వీధి మొత్తం ఒకే బలహీన జాతితో నింపి ఉంటే ఆ వీధికి రెండో అవకాశం ఉండేది కాదు. కానుగ, నెమలినార, పొగడ, రేల, నేరేడు, చింత, గంగరావి, మనకు కొదవేమీ లేదు. తీగల కింద పొట్టి జాతి, విశాలమైన జాగాలో మర్రి, రావి. నర్సరీలు మూడేళ్ల ముందే వీటిని పెంచడం మొదలుపెట్టాలి, ఎందుకంటే కోనోకార్పస్‌లా ఇవి ఆరు నెలల్లో ఎదగవు.

చేవెళ్ల మర్రిచెట్లు

హైదరాబాద్ అంచున ఉన్న అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల రోడ్డు. నిజాం కాలంలో నాటిన మర్రులు, 900 పైచిలుకు. రెండు వరసల రోడ్డును నాలుగు చేయాలి, చెట్లు అడ్డు. పర్యావరణ కార్యకర్తలు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు, ఏళ్లపాటు పని ఆగింది. 2025 చివరికి ఒక దారి తేలింది. రోడ్డు డిజైన్‌ను సర్దుకుని ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచడం, తప్పనివాటిని తరలించడం. సరిగ్గా అదే సమయంలో, నవంబరు మొదట్లో, మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని ఎంతోమంది చనిపోయారు. రోడ్డు వెడల్పు కానందుకే ఇది జరిగింది, చెట్ల కోసం కేసు వేసినవాళ్లదే పాపం అన్న మాటలు వినిపించాయి.

ఆ కుటుంబాల దుఃఖం ముందు ఏ వాదనా పెద్దది కాదు. ఆ రోడ్డు బాగుపడాల్సిందే. కానీ చెట్లా మనుషులా అని అడగడం వల్ల అసలు తప్పు మరుగున పడుతోంది. చెట్లను మధ్యలో ఉంచి పక్కగా కొత్త రోడ్డు వేయొచ్చా అన్న ప్రశ్నను డిజైన్ మొదటి రోజే అడిగి ఉంటే ఇన్నేళ్లు కోర్టులో పోయేవి కావు. మన రోడ్ల ప్రాజెక్టుల్లో చెట్ల లెక్క చివర్లో వస్తుంది, అలైన్‌మెంట్, అంటే రోడ్డు వెళ్లే దారి, ఖరారై, టెండరు అయ్యాక. అప్పటికి కొట్టడం, తరలించడం తప్ప మూడో దారి ఉండదు.

మర్రి విలువ నీడతో ఆగదు. ప్రతి మర్రి జాతి చెట్టుకూ దాని పువ్వుల్లోకి దూరే ప్రత్యేకమైన చిన్న కందిరీగ ఉంటుంది, ఒకటి లేకపోతే ఇంకోటి లేదు. ఒక చెట్టు కాయకపోయినా పక్కది కాస్తూ ఉంటుంది కాబట్టి వేసవిలో వేరే పండ్లు లేనప్పుడూ పక్షులకు, గబ్బిలాలకు తిండి దొరుకుతుంది. అందుకే వందల మర్రులు వరసగా ఉండటం గొప్ప. పశ్చిమ బెంగాల్ రైల్వే వంతెనల కేసులో సుప్రీంకోర్టు వేసిన నిపుణుల కమిటీ 2021లో ఒక చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలని, వందేళ్లు దాటిన చెట్లకైతే కోటి రూపాయలు దాటొచ్చని అంచనా వేసింది. ఈ అంకెతో ఎవరైనా వాదించొచ్చు. ప్రాజెక్టు అంచనా వ్యయంలో చెట్టు విలువ సున్నాగా రాయడం మాత్రం అంతకంటే పెద్ద తప్పు.

తరలింపు మీద జనానికి చాలా ఆశ ఉంది. మర్రి, రావి లాంటివి కొమ్మ నాటినా బతుకుతాయి కాబట్టి జాగ్రత్తగా తీస్తే నిలబడతాయి. చింత, వేప, మామిడి పెద్దవైతే అంత తేలిక కాదు. ఢిల్లీలో తరలించిన వేల చెట్లలో మూడింట ఒక వంతే బతికాయని 2022లో అక్కడి ప్రభుత్వమే హైకోర్టుకు చెప్పింది. పైగా బతికినా, కొమ్మలన్నీ కోసి పాతిన మోడు పాత నీడను తిరిగి ఇవ్వడానికి పాతికేళ్లు పడుతుంది. తరలింపు ఆఖరి దారిగా పనికొస్తుంది. కొట్టేయడానికి మర్యాదైన పేరుగా దాన్ని వాడటం మానాలి.

ఎవరిని అడగాలి?

మీ వీధిలో ఒక వేపచెట్టు ఉందనుకోండి. నేల మున్సిపాలిటీదో, రోడ్లు భవనాల శాఖదో. కొట్టడానికి అనుమతి వాల్టా చట్టం కింద అటవీ అధికారి ఇవ్వాలి. కొమ్మలు విద్యుత్ శాఖ చేతిలో, వేళ్లు జలమండలి, కేబుల్ కంపెనీల చేతిలో. పడిపోతే తీసేది విపత్తు సిబ్బంది. ఆ చెట్టు బాగుందా, లోపల గుల్లగా ఉందా, ఈ వానాకాలం తట్టుకుంటుందా అని చూడాల్సిన మనిషి మాత్రం ఈ వరసలో లేడు. 2002లో వచ్చిన వాల్టా చట్టంలో నీళ్లు, నేల, చెట్లు మూడూ ఉన్నాయి, కానీ చెట్టు విషయంలో ఆచరణలో చూపంతా అనుమతి, జరిమానాల మీదే. సంరక్షణ వెనకబడింది.

అటవీ శాఖ దగ్గర దీనికి ఒక పాత పద్ధతి ఉంది. ప్రతి అటవీ డివిజన్‌కు పదేళ్లకొక వర్కింగ్ ప్లాన్ రాస్తారు. ఏ కంపార్ట్‌మెంట్‌లో (అడవిని విడగొట్టిన ముక్కలో) ఏముంది, ఎక్కడ అగ్గి భయం, ఎక్కడ పునరుత్పత్తి బాగుంది, వచ్చే పదేళ్లలో ఏం చేయాలి అన్నీ అందులో ఉంటాయి. అడవిలో చెట్టుకు ఉన్న ఆ మర్యాద నగరంలో చెట్టుకు ఎందుకు లేదు? ముంబై, పుణె చెట్ల గణన చేశాయి. మహారాష్ట్ర 2021లో యాభై ఏళ్లు దాటిన చెట్లను వారసత్వ చెట్లుగా గుర్తించేలా చట్టం మార్చింది. ఢిల్లీలో యాభై, అంతకు మించి చెట్లు కొట్టాలంటే అడవుల వ్యవహారాలు చూసే కేంద్ర సాధికార కమిటీ ఆమోదం ఉండాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పింది. వీటిలో ఏదీ తెలుగు రాష్ట్రాలకు అసాధ్యం కాదు. వార్డుకొక చెట్ల రిజిస్టరు, దానికి ఒక శిక్షణ పొందిన చెట్ల అధికారి, రోడ్డు తవ్వే ప్రతి సంస్థా ఆయన సంతకం తీసుకోవాలన్న నిబంధన ఉంటే చాలు, సగం చావులు ఆగుతాయని నా నమ్మకం.

తెలంగాణలో డబ్బు లేదనడానికీ వీల్లేదు, మున్సిపల్ చట్టం పది శాతం ముందే పక్కన పెట్టింది. దాన్ని ఎలా ఖర్చు పెడుతున్నారన్నదే ప్రశ్న. ఇప్పుడు టెండర్లలో గుంత, మొక్క, ట్రీగార్డు, నాటిన కూలి కనిపిస్తాయి. అదే టెండరులో కాంట్రాక్టరుకు సగం డబ్బు నాటినప్పుడు, మిగతా సగం మూడో వేసవి దాటాక మొక్క బతికి ఉంటేనే ఇస్తామని రాయొచ్చు. నర్సరీ కవరు విప్పినప్పుడు వేళ్లు చుట్టుకుని ఉంటే తిప్పి పంపాలని రాయొచ్చు. మొదలు చుట్టూ కనీసం మీటరు మట్టి వదలాలని ఫుట్‌పాత్ టెండరులోనూ రాయొచ్చు. కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. మీ మున్సిపాలిటీ వచ్చే వానాకాలం మొక్కల కోసం టెండరు పిలిచినప్పుడు, ఆ కాగితం అడిగి తీసుకుని, ఈ మూడు షరతులూ ఉన్నాయో లేవో చూడండి.